వికెట్ల వెనుక

అమెరికా దేశంలో ఫుట్‌బాల్ అన్న పేరుతో ఆడే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. అందులో బంతి రెండు కొసలా మొన తేలి ఉంటుంది. దానిని కాలితో తన్నడం తక్కువ, చేతితో విసరడమూ, చంకన ఇరికించుకొని పరుగెత్తడమూ ఎక్కువ. జట్టుకు 11 మంది. వారిలో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడొకడుంటాడు. ఎత్తుగడ ఏదైనా సాధారణంగా అతని చేతి మీదుగానే మొదలవుతుంది. ఎదుటి పక్షంవారు పర్వతాల వలె మీదికి వస్తూ ఉండగా, బంతిని ఎవరికి అందించాలో అతడు రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. గెలిస్తే కీర్తిలో పెద్ద వాటా అతనిది; ఓడితే నిందలోనూ అంతే.

ఆ క్వార్టర్‌బ్యాక్ తయారయ్యే చోటు కళాశాల. అక్కడి విశ్వవిద్యాలయాల ఆటలను చూడడానికి లక్షమందికి పైగా పట్టే క్రీడాస్థలాలున్నాయి. చదువు ముగియగానే వృత్తి జట్లవారు ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకొంటారు. 1936 నుండి సాగుతున్న ఈ పద్ధతికి డ్రాఫ్టు అని పేరు. వెనుకటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక దక్కుతుంది. బలహీనుడికి ముందు వడ్డించడమన్న మాట; మన పెళ్ళిపంక్తులలో కూడా కనిపించని మర్యాద ఇది! 2000వ సంవత్సరపు డ్రాఫ్టులో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన టామ్ బ్రేడీ అనే యువకుడి పేరు 199వదిగా పిలిచారు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆ జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో గాయపడగా, బల్ల మీద కూర్చున్న బ్రేడీకి పిలుపు వచ్చింది. వచ్చిన చోటు అతడు మళ్లీ విడువలేదు. ఆ ఋతువులోనే జట్టును విజేతగా నిలిపాడు. వృత్తి విరమించేనాటికి అతడు గెలిచిన మహాపోటీలు 7.

ఇంత దూరపు కథ విశాఖపట్నం శ్రోతలకెందుకని సందేహం కలుగవచ్చు. మన ఊరిలోనూ ఇటువంటి కథ ఒకటి నడిచింది. దాని ముగింపు మాత్రం వేరు.

క్రికెట్‌లో క్వార్టర్‌బ్యాక్‌కు దగ్గరి బంధువు ఎవరని నన్నడిగితే, వికెట్ కీపరు అంటాను. మైదానమంతా ఎదురుగా చూడగల ఫీల్డరు అతడొక్కడే. ప్రతి బంతికీ సిద్ధమై ఉండవలసినవాడూ, బంతి ఎంత తిరుగుతున్నదో, ఎంత లేస్తున్నదో బౌలరు కంటె ముందు పసికట్టేవాడూ అతడే. ఒక తేడా మాత్రం ఉన్నది. క్వార్టర్‌బ్యాక్‌ను లోకమంతా చూస్తుంది. కీపరు పని చక్కగా చేసిన దినాన అతని పేరే వినిపించదు. బంతి చేజారిన దినాననే వినిపిస్తుంది.

కోన శ్రీకర్ భరత్ 1993 అక్టోబరు 3న తూర్పు గోదావరి జిల్లా రామచంద్రపురంలో జన్మించాడు. తండ్రి నౌకాదళ డాక్‌యార్డు ఉద్యోగి కావడం చేత పెరిగినదంతా విశాఖలోనే. 2005 ఏప్రిల్ 5న మధురవాడ వైపు కొత్తగా కట్టిన స్టేడియంలో భారత, పాకిస్తాన్ జట్ల మధ్య తొలి అంతర్జాతీయ ఆట జరిగింది. రాంచీ నుండి వచ్చిన మహేంద్రసింగ్ ధోనీ అనే కొత్త కీపరు ఆ దినం 148 పరుగులు చేసి దేశమంతటికీ తెలిసినవాడయ్యాడు. హద్దు గీత దాటిన బంతులను ఏరి లోపలికి విసిరే బాలురలో 11 ఏళ్ల భరత్ ఒకడు. ఆ సాయంకాలం బాలురకు చేతినిండా పని దొరికి ఉంటుంది.

మన దేశంలో కూడా ఒకనాడు క్రికెట్‌కు పుట్టినిల్లు కళాశాలే. 1935-36లో మొదలైన రోహింటన్ బారియా ట్రోఫీ విశ్వవిద్యాలయాల పోటీ. రంజీ జట్టు ఎంపికదారులు ఆ ఆటలను ఓపికగా చూచేవారు. డిగ్రీ చేతికి వచ్చిన తరువాత ఆటగాడిని పోషించేది ఉద్యోగం. రైల్వే, బ్యాంకు, మన ఊరిలోనైతే పోర్టు, డాక్‌యార్డు, తరువాత ఉక్కు కర్మాగారం. అంతకు ముందు కాలంలో సంస్థానాధీశులుండేవారు. నాగపూరులో పుట్టి పెరిగిన మన తెలుగువాడు కొట్టారి కనకయ్యనాయుడుగారిని 1923లో ఇందూరు హోల్కరు మహారాజు పిలిపించి తన సైన్యంలో కెప్టెను హోదా ఇచ్చారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొదటి టెస్టు జట్టుకు నాయకత్వం వహించింది ఆయనే. సైన్యంలో ఉద్యోగం, మైదానంలో పని! ఆ ఏర్పాటును ఎవరూ వృత్తి అనలేదు. కాని వృత్తి కాక మరేమిటి?

ఇప్పటి దారి వేరు. బాలుడు పన్నెండు, పదమూడేళ్లకే జిల్లా జట్టు మెట్టెక్కాలి. 16 ఏళ్ల లోపువారి ఆటలు, 19 ఏళ్ల లోపువారి ఆటలు, ఆపైన రాష్ట్ర జట్టు. కళాశాల ఈ వరుసలో పక్కకు తొలగిపోయింది. హాజరు పట్టీలో పేరుంటుంది, మనిషి మైదానంలో ఉంటాడు. భరత్ జె. కృష్ణారావుగారి శిక్షణలో ఈ మెట్లన్నీ ఎక్కి, 2012-13 ఋతువులో ఆంధ్ర పక్షాన రంజీ ఆటలలో ప్రవేశించాడు.

2015 ఫిబ్రవరిలో ఒంగోలు శర్మ కళాశాల మైదానంలో గోవాతో ఆట జరిగింది. టెలివిజన్ లేదు, దీపస్తంభాలు లేవు. భరత్ 311 బంతులలో 308 పరుగులు చేశాడు. రంజీ పోటీలు 1934లో మొదలైన నాటి నుండి ఒక వికెట్ కీపరు మూడు వందలు దాటడం అదే ప్రథమం. కళాశాలలు మన క్రికెట్‌కు ఆటగాళ్లను ఇవ్వడం తగ్గించినా, మైదానాలనైనా ఇస్తున్నందుకు సంతోషించాలి.

ఆ ఏడే వేలంపాటలో ఢిల్లీ జట్టువారు అతనిని 10 లక్షల రూపాయలకు తీసుకొన్నారు. తీసుకొన్నారే కాని ఆడించలేదు.

ఈ వేలంపాట అర్థం కావాలంటే మన ఫిషింగ్ హార్బరుకు తెల్లవారుజామున వెళ్లి చూడాలి. పడవలు దిగగానే చేపలను సిమెంటు గచ్చు మీద రాసులుగా పోస్తారు. పాటగాడు రాసి పక్కన నిలిచి గొంతెత్తుతాడు. వంజరమైనా చందువైనా ధర పలికేది దాని రుచిని బట్టి మాత్రమే కాదు. ఆ ఉదయం ఎన్ని పడవలు వచ్చాయి, ఎంత సరుకు దిగింది, కొనేవారిలో ఎవరికి తొందర ఉన్నది అన్నవి కూడా ధరను తేలుస్తాయి. నిన్న మంచి ధర పలికిన రకమే నేడు సగానికి పోవచ్చు. చేపలో మార్పేమీ లేదు. ఆటగాళ్ల వేలమూ ఇంతే. భరత్ ధర 2021లో 20 లక్షలు, 2022లో 2 కోట్లు, 2023లో కోటీ 20 లక్షలు, 2024లో 50 లక్షలు. ఈ అంకెల హెచ్చుతగ్గులను చూచి అతని ఆటను అంచనా వేయబోతే పొరబడతాము. అమెరికా డ్రాఫ్టులో కనీసం బలహీన జట్టుకు ముందు వంతు అనే ధర్మమొకటి ఉన్నది. ఇక్కడ ఉన్నది బేరమే.

ఆ 20 లక్షల ఏడాదిలోనే అతడు దేశానికి కనిపించాడు. 2021 అక్టోబరు 8న దుబాయిలో బెంగుళూరు జట్టుకు చివరి బంతికి 5 పరుగులు కావాలి. అంతకు ముందు బంతి వైడుగా పోయింది. ఆవేశ్ ఖాన్ వేసిన ఆఖరి బంతిని భరత్ సిక్సరుగా కొట్టి, 52 బంతులలో 78 పరుగులతో అజేయుడుగా వెనుదిరిగాడు.

నాకు మాత్రం ఆ సిక్సరు కంటె అదే ఏడు నవంబరులో కాన్పూరులో జరిగినది ముఖ్యంగా తోస్తుంది. న్యూజీలాండుతో టెస్టు. మూడవనాటి ఉదయం వృద్ధిమాన్ సాహా మెడ పట్టి రాలేకపోయాడు. బదులు ఆటగాడు కీపింగు చేయవచ్చుననే నిబంధన 2017లో వచ్చింది కనుక భరత్ లోపలికి వచ్చాడు. బంతి మోకాలెత్తుకు కూడా లేవని పిచ్చి. అశ్విన్ బంతి విల్ యంగ్ బ్యాటు అంచును తాకి బాగా కిందుగా వచ్చింది, భరత్ పట్టాడు. అంపైరు కాదన్నాడు. కెప్టెను రహానేను పునఃపరిశీలన కోరవలసిందిగా గట్టిగా ఒప్పించినవాడు ఈ బదులు ఆటగాడే. యంగ్ 89 దగ్గర వెనుదిరిగాడు. తరువాత రాస్ టేలర్ క్యాచి, ఆపైన 95 పరుగుల వద్ద టామ్ లాథమ్ స్టంపింగు. అయినా లెక్కలలో అతనిది టెస్టు ప్రవేశం కాదు. స్కోరు పట్టికలో అతని పేరుకు ముందు బదులు అన్న గుర్తు పడింది.

స్పిన్ బౌలింగుకు వికెట్లను ఆనుకొని నిలువడం ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. బ్యాట్స్‌మన్ శరీరం బంతికి అడ్డు. చివరి అరక్షణం బంతి కనిపించదు. కీపరు దానిని ఊహించి చేతులు పెట్టాలి. ముందే లేస్తే కిందుగా వచ్చిన బంతి కాళ్ల సందున పోతుంది. ఆలస్యంగా లేస్తే పైకెగిరిన బంతి చేతి తొడుగుల మీదుగా పోతుంది. బంతి ఎంత లేస్తే నడుము అంతే లేవాలి. పట్టేటప్పుడు చేతులు గట్టిపడకుండా బంతితోపాటు కాస్త వెనుకకు జరగాలి. దినానికి 90 ఓవర్లంటే 540 బంతులు. అన్ని గుంజీళ్లు తీసి, చివరిదానికీ మొదటిదానికీ తేడా లేకుండా నిలబడాలి.

2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. బ్లెడ్సో గాయం బ్రేడీకి దారి అయినట్లు, ఈ దుర్ఘటన భరత్‌కు దారి అయింది. మరొకరి ఆపద వల్ల దక్కిన స్థానాన్ని సంతోషంతో అందుకోవడం ఎవరికైనా సులభం కాదు. 2023 ఫిబ్రవరి 9న నాగపూరులో పుజారా చేతి నుండి అతడు టెస్టు టోపీ అందుకొన్నాడు. మైదానంలో తల్లి అతనిని కౌగిలించుకొన్న ఛాయాచిత్రం మీరు పత్రికలలో చూచి ఉంటారు. మొదటి దినమే జడేజా బంతికి ముందుకు వచ్చిన లాబుషేన్‌ను, అర్ధశతకానికి ఒక్క పరుగు తక్కువలో, స్టంప్ చేశాడు. గుంటూరు ప్రాంతపు ఎం.ఎస్.కె. ప్రసాద్‌గారు 1999లో టెస్టులలో ప్రవేశించి 6 ఆడారు. ఆయన తరువాత ఆంధ్ర నుండి టెస్టు కీపరు రావడానికి 23 ఏళ్లు పట్టింది.

ఆస్ట్రేలియాతో 4 టెస్టులు, లండన్ ఓవల్ మైదానంలో ప్రపంచ టెస్టు పోటీ తుది ఆట. అక్కడ చిక్కు వచ్చింది. గిల్‌క్రిస్ట్, ధోనీ, పంత్‌ల తరువాత కీపరు అన్న మాటకు అర్థమే మారింది. బ్యాటుతో ఆటను తిప్పగలవాడు కాకపోతే చేతి తొడుగులు ఎంత నేర్పుగా పనిచేసినా చాలదు. 1971లో వెస్టిండీస్‌లో మనం మొదటిసారి సిరీస్ గెలిచినప్పుడు 5 టెస్టులలోనూ వికెట్లు కాచినవాడు హైదరాబాదు ఆటగాడు పి. కృష్ణమూర్తి. బ్యాటుతో అతడు చేసినది చాలా స్వల్పం. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్ బంతులను పట్టగలగడమే అప్పట్లో యోగ్యత. నేటి లెక్కకు అతడు ఒక్క టెస్టైనా ఆడేవాడు కాదేమో. లోకం ముందుకు పోయిందనేవారితో నాకు పేచీ లేదు. కాని నాలుగవనాటి పిచ్చి మీద జారవిడిచిన ఒక్క స్టంపింగు ఖరీదెంతో స్కోరు పట్టికలో ఎక్కడా కనిపించదు. కనుకనే దానికి ధర కట్టేవారు లేరు.

మా ఇంటి చుట్టుపక్కల తల్లిదండ్రులు, అబ్బాయిని ఆటకు పంపమంటారా, చదువుకు పంపమంటారా అని నన్నడుగుతూ ఉంటారు. అమెరికాలో కళాశాల ఆటగాళ్లలో వృత్తి జట్లకు చేరేది బహు కొద్దిమంది. మన దగ్గరా అంతే. నేను చెప్పే జవాబు వారికి అంతగా రుచించదు. పరీక్ష రుసుము తప్పక కట్టండి, ఉదయం 5 గంటలకు నిద్ర లేపడమూ మానకండి అంటాను. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధమున్న 61 రోజులలో హార్బరు గచ్చు మీద, ఒడ్డున కట్టిన పడవల నడుమ పిల్లలు ఆడుకొంటూ ఉంటారు. అక్కడ కీపరు పని సాధారణంగా అందరికంటె చిన్నవాడికి అప్పగిస్తారు. బంతి నీళ్లలో పడితే తెచ్చేది కూడా వాడే.

2024 జనవరిలో భరత్ మళ్లీ టెస్టు జట్టుకు వచ్చాడు. ఇంగ్లండుతో హైదరాబాదులో 41, 28. ఆ 28 పరుగులు ఓటమి తరుముకొస్తుండగా అశ్విన్‌తో కలిసి చేసినవి. ఇంకొంచెం సేపు నిలబడి ఉంటే ఆట ఫలితమే మారేదేమో; 28 పరుగుల తేడాతోనే ఓడిపోయాము. ఫిబ్రవరి 2న రెండవ టెస్టు విశాఖలో మొదలయింది. ఒకనాడు బంతులేరిన మైదానంలో అతడు భారతదేశపు వికెట్ కీపరుగా దిగాడు. జైస్వాల్ 209 పరుగులు చేశాడు, బుమ్రా 9 వికెట్లు తీశాడు, మనం 106 పరుగులతో గెలిచాము. భరత్ చేసినవి 17, 6. పది రోజుల తరువాత రాజ్‌కోటులో ధ్రువ్ జురెల్ అతని స్థానంలో ప్రవేశించాడు. రాంచీలో 90 పరుగులు చేసి ఆ స్థానానికి తన యోగ్యత నిరూపించుకొన్నాడు. భరత్ 7 టెస్టుల లెక్క అప్పటికి 221 పరుగులు, 18 క్యాచిలు, 1 స్టంపింగు. కాన్పూరు నాటివి ఇందులో కలియవు. తరువాతి ఋతువులో అతడు ఆంధ్ర జట్టుకు రంజీ ఆటలు ఆడడానికి తిరిగి వచ్చాడు.