గని మూసిన ఊళ్లో బొమ్మల బడి



కె.జి.ఎఫ్. అనగానే మీలో చాలామందికి సినిమా గుర్తుకొస్తుంది. 2018లో ఒకటి, 2022లో ఇంకొకటి వచ్చాయి. చూడండి, తప్పులేదు. కానీ ఆ తెరమీది ఊరు వేరు, కోలారు జిల్లాలో ఉన్న ఊరు వేరు. నిజమైన కె.జి.ఎఫ్.లో ఉన్నది తుపాకీ పట్టిన వీరుడు కాదు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కూలికి వచ్చిన మన తాతలు. ఇప్పటి చిత్తూరు కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే ఆ కూలీల్లో ఎక్కువమంది దళితులు.

1880లలో జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనులు నడపడం మొదలుపెట్టింది. 1902లోనే శివనసముద్రం నుంచి ఆ గనులకు కరెంటు వచ్చింది. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీశారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. బంగారం వెళ్లిపోయింది. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము, ఊరి నడుమ సైనైడ్ దిబ్బలు, తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరుకు కిక్కిరిసి వెళ్లే రైలు మిగిలాయి.

యోబు గ్రంథం 28వ అధ్యాయం తీసి చదవండి. మనుషులు చీకట్లోకి దిగి, తాళ్లకు వేలాడుతూ రాళ్లు తవ్వడం అందులో ఉంది. బంగారం దొరికే చోటు ఉంది సరే, జ్ఞానం దొరికే చోటు ఎక్కడ అని ఆ అధ్యాయం అడుగుతుంది. కె.జి.ఎఫ్. గురించి మేము అడిగేదీ అలాంటి ప్రశ్నే. ఆ తాళ్లకు వేలాడినవాళ్ల కథ ఎవరు చెప్పాలి? బయటివాళ్లు కెమెరాలతో వచ్చి దిబ్బల మీద షూటింగ్ చేసుకుని పోతారు. ఆ దిబ్బల దుమ్ము పీల్చే పిల్లలకు మాత్రం పెన్సిల్ పట్టుకోవడం నేర్పేవాళ్లు లేరు.

అందుకే మీ ముందు ఒక్క మాట పెడుతున్నాం. అక్కడ కళాకారులే మొదలుపెట్టి, కళాకారులే నడిపే ఒక బడి కావాలి. దానికి సంఘం గది తాళంచెవి ఇవ్వాలి. ఏ బొమ్మ గీయాలో మాత్రం సంఘం చెప్పకూడదు.

ఇది వాక్యానికి దూరమైన మాట కాదు. నిర్గమకాండము 35వ అధ్యాయంలో బెసలేలును, అహోలీయాబును చూడండి. దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపింది పాటలు పాడడానికి కాదు, ప్రసంగించడానికీ కాదు. చెక్క, రాయి, లోహం, దారం పట్టి పనిచేయడానికి. అంతటితో ఆగలేదు, ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఆ ఇద్దరికీ ఇచ్చాడు. అంటే పనివాడే ఉపాధ్యాయుడు. మోషే గుడారం కొలతలు చెప్పాడు గాని, ఉలి ఎలా పట్టాలో చెప్పలేదు.

ఇలాంటి బడులు మనకు కొత్తకాదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, పెద్ద నగరంలో ఉండిపోకుండా తిరిగివచ్చి, 1920ల మొదట్లో సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టారు. 1925లో 28 ఏళ్లు కూడా నిండకుండానే మశూచితో చనిపోయారు. అయినా మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పని ముందుకు నడిపించారు. స్థాపకుడు పోయినా బడి నిలవాలంటే మొదటి రోజు నుంచే రెండో మనిషి ఉండాలి.

బెంగళూరులో ఆర్.ఎం. హడపద్ అనే చిత్రకారుడు 1960ల చివర్లో కెన్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ పెట్టారు. పల్లెల నుంచి వచ్చిన పేద పిల్లలు ఎందరో అక్కడ చిత్రకారులయ్యారు. చెన్నై దగ్గర చోళమండలంలో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయనతో ఉన్న కళాకారులు బాటిక్ వంటి చేతిపనులు అమ్ముకుని, ఆ డబ్బుతో నేల కొని 1966లో తమ ఊరు కట్టుకున్నారు. దాత కోసం ఎదురుచూడలేదు.

ఇక కోలారులోనే చూడండి. పట్టణాన్ని ఆనుకుని ఉన్న కొండల మీద దళిత కవి, నాటకకర్త కోటిగానహళ్లి రామయ్య, ఆయన మిత్రులు 'ఆదిమ' అనే సాంస్కృతిక కేంద్రాన్ని కట్టారు. పున్నమి రాత్రుల్లో అక్కడ పాటలు, నాటకాలు జరుగుతూ వచ్చాయి. చుట్టుపక్కల జనం కొండెక్కి వచ్చి కూర్చున్నారు. కళ పట్నం వాళ్ల సొత్తు కాదని ఆ కొండే సాక్ష్యం.

మరి మనం ఎలా మొదలుపెట్టాలి? మేము అనుకున్నది చెబుతాం.

మొదటిది, వేళ. పిల్లలు, యువకులు వారమంతా రైలులోనే ఉంటారు. కాబట్టి శనివారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం. అంతకంటే ఎక్కువ పెడితే బడి ఖాళీగా ఉంటుంది.

రెండోది, గురువులు. డిగ్రీ ఉన్న చిత్రకారుడు ఒకరు చాలు. ఆయన పక్కన బోర్డులు రాసే పెయింటరు, వడ్రంగి, తమటె వాయించే పెద్దాయన కూర్చోవాలి. పిండిపాపనహళ్లి మునివెంకటప్పగారికి తమటె వాయిద్యానికే 2023లో పద్మశ్రీ వచ్చింది. చావు దగ్గరి వాయిద్యమని చాలామంది దూరం పెట్టినది అది. మన గుళ్లలో కూడా చాలాచోట్ల దాన్ని గడప బయటే ఉంచాం.

మూడోది, డబ్బు. ఫీజు వద్దు. కట్టెబొగ్గు, పాత న్యూస్‌ప్రింట్, లినోలియం ముక్కలు, ఒక రోలరు ఉంటే ఏడాది గడుస్తుంది. పిల్లలు అచ్చువేసిన కార్డులను క్రిస్మస్‌కు సంఘాలు కొనాలి. లెక్కల పుస్తకం గోడకు వేలాడాలి, ఎవరైనా చదువుకోవచ్చు. దిబ్బల మట్టిని మాత్రం ఎంత ఆకర్షణగా కనిపించినా బొమ్మలకు వాడకూడదు. అందులో విషం ఉంది.

నాలుగోది, పని. మొదటి ఏడాది ప్రతి పిల్లవాడూ తన వీధిలోని ఒక మాజీ గని కార్మికుడి దగ్గర కూర్చుని, అడిగి, ఆయన ఒప్పుకుంటేనే ఆయన ముఖం గీయాలి. ఆ బొమ్మల వెనక ఆయన చెప్పిన మాటలు రాయాలి. పదేళ్ల తర్వాత అడిగితే ఆ మాటలు చెప్పేవాళ్లు ఉండరు.

పెద్దలు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, దీనితో ఉద్యోగం వస్తుందా? అబద్ధం చెప్పకండి. ఈ బడి ఇచ్చే కాగితానికి ప్రభుత్వ గుర్తింపు ఉండదు. కొందరు ఆర్ట్ కాలేజీకి వెళ్తారు, కొందరు గోడలు, పోస్టర్లు వేసి సంపాదిస్తారు, మిగిలినవాళ్లు మళ్లీ ఆ రైలే ఎక్కుతారు. కానీ తన తాత ముఖాన్ని తన చేత్తో గీసినవాడు నేను ఎవరూ కాననుకుంటూ రైలెక్కడు.

రెండోది, మన మందిరంలో బౌద్ధుల పిల్లలు, హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు వచ్చి ఇష్టమొచ్చిన బొమ్మలు గీస్తే ఎలా? గనిలో రాయి విరిగిపడినప్పుడు మతం అడిగిందా? కింద కలిసి చచ్చినవాళ్ల మనవలు పైన కలిసి బొమ్మలు గీయడానికి మనం అడ్డుపడితే, ఆ గదిలో మనం చెప్పే సువార్తను ఎవరు నమ్ముతారు?

యువతీ యువకులారా, మీరు వెళ్లాక మీ కాపరిని, కమిటీని కలవండి. డబ్బు అడగకండి. శనివారం సాయంత్రం ఖాళీగా ఉండే గది అడగండి. తాళంచెవి చేతికి వస్తే, ఆ వారమే ఇద్దరు పిల్లలతో, ఒక పెయింటరుతో మొదలుపెట్టండి. దేవుడు మీకు తోడైయుండును గాక.