తిరిగే స్పీకర్, కాలి కింద స్విచ్

హామండ్ ఆర్గన్ నాదంలో వినిపించే ఆ సుడికి మూలం, అమెరికాలో డాన్ లెస్లీ 1940 ప్రాంతంలో రూపొందించిన స్పీకర్ పెట్టె. అందులో పైన హారన్, కింద డ్రమ్ము గుండ్రంగా తిరుగుతాయి. శబ్దం మనవైపు వస్తూ, దూరమవుతూ ఉంటే శ్రుతీ, బిగ్గరతనమూ అలలాడతాయి.

అరేంజర్ కీబోర్డులు దీన్ని అనుకరిస్తాయి. ఆర్గన్ స్వరం ఎంచుకుని, రోటరీ ఎఫెక్టు పెట్టి, నెమ్మది-వేగం మార్పును ఫుట్‌స్విచ్‌కు అప్పగించండి. చాలా మోడళ్లలో ఈ వీలుంది. చేతులు మెట్ల మీదే ఉంటాయి.

అసలు అందమంతా ఆ రెండు వేగాల నడుమే ఉంది. తేలికైన హారన్ చప్పున వేగం అందుకుంటుంది, బరువైన డ్రమ్ము కొన్ని సెకన్లు వెనకబడుతుంది. కాబట్టి కార్డ్ పట్టి ఉంచి స్విచ్ నొక్కండి. ఆ మార్పు పూర్తయ్యేదాకా మళ్లీ తాకకండి.