ఫిజియోథెరపీకి ఏం వేసుకెళ్ళాలి?

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం గురించి మాట్లాడమన్నప్పుడు, నేను డాక్టర్ని కాదు, నా దగ్గరున్నది ఎంబీఏ పట్టా అన్నాను. "పేషెంటుగా మాట్లాడండి మేడమ్" అన్నారు. ఆ అర్హత నాకు పుష్కలంగా ఉంది.

రెండేళ్ళ క్రితం నా కుడి భుజం పట్టేసింది. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నలభై దాటినవాళ్ళలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. జడ వేసుకోవడం, పై అరలో డబ్బా అందుకోవడం రెండూ పోయాయి. డాక్టరుగారు ఫిజియోథెరపీ రాశారు. మొదటిరోజు బ్రాంచి నుంచి నేరుగా వెళ్ళాను. గంజి పెట్టిన కాటన్ చీర, మోచేతి దాకా బిగుతు చేతుల జాకెట్టు, భుజం మీద పిన్నులు. థెరపిస్టు అబ్బాయి చెయ్యి పైకెత్తబోతే ముందు అడ్డుపడింది భుజం కాదు, జాకెట్టు. "భుజం కనబడాలి మేడమ్, కాస్త వదులు చేసుకోండి" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి మానేశాను. ఇంట్లో మావారితో ఆడిట్ ఉందని చెప్పాను. ఆ ఆడిట్ మూడు వారాలు సాగింది! ఈలోగా చెయ్యి నడుము వెనక్కి పోవడమే మానేసింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు ముందే ఫోన్ చేసి లేడీ థెరపిస్టు కావాలని అడిగాను. ఇచ్చారు. అడగడానికి మొహమాటపడకండి, తోడుగా ఒకరు గదిలో ఉంటామన్నా సాధారణంగా కాదనరు. ఆవిడే చెప్పింది: రెండు భుజాలూ పోల్చి చూడాలి, రెక్క ఎముక కదలిక కనబడాలి. అందుకే చేతుల్లేని వదులు టాప్ గానీ, ముందు గుండీలున్న చొక్కా గానీ మంచిది. నేను మావారి పాత చొక్కా తీసుకున్నాను. తొడుక్కునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని పొద్దుళ్ళు ఏడ్చానో!

నడుము నొప్పికి నైటీ వద్దు. వీపు చూడాలంటే కింది నుంచి మొత్తం ఎత్తాలి. చొక్కా వెనక్కి తిప్పి, గుండీలు వీపు మీదికి వచ్చేలా వేసుకుంటే సరిపోతుంది. మోకాళ్ళకైతే చుడీదార్, జీన్స్ పైకి రావు, పలాజో హాయి. పెద్దవాళ్ళు లుంగీతో వెళ్ళవచ్చు గానీ, పడుకుని కాలెత్తమంటారు, లోపల నిక్కరు ఉండాలి.

ఇంట్లోంచి బామ్ రాసుకుని వెళ్ళకండి. కరెంటు ప్యాడ్లు అంటుకోవు, దాని మీద వేడి కాపడం పెడితే చర్మం మండుతుంది. డయాథెర్మీ అనే వేడి చికిత్సకైతే ఒంటి మీద లోహం ఉండకూడదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. మా అత్తయ్యగారు మెడనొప్పికి వెళ్ళి, పుస్తెలు తియ్యనంటే తియ్యనని వెనక్కి వచ్చేశారు. చివరికి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్ళారు.

నా భుజం కుదుటపడడానికి ఏడాది పైనే పట్టింది. ఆ పాత చొక్కా ఇప్పటికీ నా టేబుల్ సొరుగులోనే ఉంది. దాన్ని డెడ్ స్టాక్ రిజిస్టర్లో ఎక్కించమంటాడు మా క్యాషియరు.