పట్టును బట్టి వర్గం: డీఎన్ఏ, ప్రోటీన్లు, సి.ఆర్. రావు చూపిన దారి

(ఆచార్య సి.ఆర్. రావు స్మృతిలో విశాఖపట్నం ఉక్కునగరంలో చేసిన ప్రసంగ పాఠం)



సి.ఆర్. రావు గారి పేరు చెబితే చదువుకున్నవాళ్లకు 1945 నాటి క్రామెర్–రావు అవధి గుర్తొస్తుంది, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం గుర్తొస్తుంది. వాటి గురించి చెప్పగలిగిన గణాంకవేత్తలు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. నేను జీవశాస్త్రం వైపు నుంచి వచ్చినవాణ్ణి. అందుకే ఆయన 1948లో రాసిన మరో వ్యాసాన్ని ఎంచుకున్నాను. ఒక జీవి మీద తీసిన అనేక కొలతలను కలిపి చూసి, అది ఏ వర్గానికి చెందుతుందో తేల్చడం ఎలా అన్నది ఆ వ్యాసం విషయం. ప్రోటీన్లు డీఎన్ఏను పట్టుకునే తీరుతెన్నులను వర్గాలుగా విడదీసే పనిలో ఆ వ్యాసం నేటికీ ఎంత సజీవంగా ఉందో చూపించాలని నా కోరిక.

రావు గారు 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఎ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. తెల్లవారుజామున నాలుగు గంటలకే తల్లి లక్ష్మీకాంతమ్మగారు నిద్రలేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టేవారని తన పుస్తకం అంకితంలో ఆయనే రాసుకున్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని, 1941 జనవరిలో అందులో చేరారు. 2023 ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన ఎముకలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఆ పుర్రెలను, ఎముకలను కొలిచి, ఆ మనుషులు ఏ జనసమూహానికి దగ్గరివారో తేల్చాలి. ఒక్క కొలతతో తేలే సంగతి కాదు. పదీ ఇరవై కొలతలు తీస్తే ఇంకో చిక్కు: అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. మోచేతి పొడుగు ఎక్కువైన మనిషికి చేతి పొడుగూ ఎక్కువే. ఆ రెంటినీ వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించినట్టవుతుంది. గణాంకవేత్త మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన, గుంపుల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతి ఈ ముడిని లెక్కలోకి తీసుకుంటుంది. రావు గారు దాని మీద కట్టడం లేపారు. కొత్తగా చేర్చిన కొలత నిజంగా కొత్త సమాచారం ఇస్తోందా, ఉన్నదాన్నే మళ్లీ చెబుతోందా అని పరీక్షించే పద్ధతిని కూడా ఇచ్చారు. నా దృష్టిలో వర్గీకరణ చేసేవాళ్లందరికీ ఆయన ఇచ్చిన అతి విలువైన పనిముట్టు ఇదే.

ఇక డీఎన్ఏ దగ్గరికి వద్దాం. మన కణాల్లో దాదాపు అన్నింటిలోనూ సుమారు 300 కోట్ల క్షార జంటల వరస రెండు ప్రతులుగా ఉంది. కాలేయ కణంలోనూ నాడీ కణంలోనూ ఉన్న వరస ఒకటే. ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చడంలో ముఖ్యపాత్ర డీఎన్ఏ మీద కూర్చునే ప్రోటీన్లది. మనిషిలో ఇలాంటి నియంత్రక ప్రోటీన్లు సుమారు 1,600 ఉన్నాయని అంచనా. ఒక్కొక్కటి ఆరేడు అక్షరాలో, పదో చదివి తన చోటు గుర్తుపట్టాలి. అదీ డీఎన్ఏ రెండు పేటలను విప్పకుండానే.

మెలి తిరిగిన డీఎన్ఏ మీద రెండు గాళ్లు ఉంటాయి, ఒకటి వెడల్పైన పెద్ద గాడి, ఒకటి ఇరుకైన చిన్న గాడి. క్షార జంటల అంచులు ఆ గాళ్లలో బయటికి కనిపిస్తాయి. 1976లో సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రోటీన్, డీఎన్ఏ కలిసిన సంక్లిష్ట నిర్మాణం ఇంకా ఒక్కటీ చూడకుండానే, కాగితం మీది ఆలోచనతో ఒక మాట చెప్పారు. పెద్ద గాడిలో నాలుగు రకాల జంటలూ హైడ్రోజన్ బంధాలతో విడివిడిగా గుర్తుపట్టే వీలుంది, చిన్న గాడిలో ఎడినిన్–థైమిన్ (ఏటీ) జంటను టీఏ నుంచి వేరు చేయడం కష్టం. అమైనో ఆమ్లాల్లో ఆర్జినిన్ రెండు బంధాలతో గ్వానిన్ క్షారాన్ని పట్టుకుంటుందని, ఆస్పరజిన్, గ్లుటమిన్‌లు ఎడినిన్‌ను పట్టుకుంటాయని వాళ్లు ఊహించినవి తర్వాతి నిర్మాణాల్లో మళ్లీ మళ్లీ కనబడ్డాయి. ఇంత చక్కని ఊహ విజ్ఞానశాస్త్రంలో అరుదు.

1981లో బాక్టీరియా వైరస్‌కు చెందిన క్రో ప్రోటీన్, ఆ వెంటనే క్యాప్ అనే బాక్టీరియా ప్రోటీన్, 1982లో లాంబ్డా రిప్రెసర్ నిర్మాణాలు వచ్చాయి. మూడింటిలోనూ ఒకే పోలిక: ఒక హెలిక్స్ (చుట్ట), ఒక మలుపు, ఇంకో హెలిక్స్. రెండో హెలిక్స్ పెద్ద గాడిలో ఒదుగుతుంది. 1985లో క్లుగ్ బృందం డీఎన్ఏను పట్టుకునే మరో కట్టడం, జింక్ ఫింగర్‌ను గుర్తించింది. 1988లో లూసిన్ జిప్పర్ అనే ఇంకో కట్టడం బయటపడింది. అప్పుడు చాలామందికి ఒక ఆశ పుట్టింది: ఏ అమైనో ఆమ్లం ఏ క్షారాన్ని చదువుతుందో చెప్పే సంకేత పట్టిక ఒకటి దొరుకుతుందని. అదే ఏడాది బ్రయన్ మాథ్యూస్ అలాంటి సంకేతం లేదని నిర్మొహమాటంగా రాశారు. ఆయన మాటే నిలిచింది. ట్రిప్టోఫాన్ రిప్రెసర్ నిర్మాణంలో ప్రోటీన్ చాలాచోట్ల క్షారాన్ని నేరుగా తాకనే లేదు, మధ్యలో నీటి అణువులు నిలబడ్డాయి.

పట్టిక దొరకదని తేలాక మిగిలింది వర్గీకరణే. 1991లో హారిసన్ తొలి నిర్మాణ వర్గీకరణల్లో ఒకటి ఇచ్చారు. 2000లో లస్కంబ్, ఆస్టిన్, బర్మన్, థార్న్‌టన్ కలిసి ప్రోటీన్ డేటా బ్యాంకులోని 240 సంక్లిష్ట నిర్మాణాలను పరిశీలించి 8 గుంపులుగా, వాటి లోపల 54 కుటుంబాలుగా విడదీశారు. హెలిక్స్–మలుపు–హెలిక్స్ ఒక గుంపు, జింక్‌ను పట్టుకున్నవి ఒకటి, జిప్పర్లు ఒకటి, మిగతా ఆల్ఫా హెలిక్స్‌లు, బీటా షీట్లు, బీటా రిబ్బన్లు, ఇంకా ఇతరాలు, చివర ఎంజైములు. ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థి నేటికీ ఈ మెట్టు ఎక్కాల్సిందే. మర్నాడే అన్నట్టు 2001లో అదే బృందం 129 సంక్లిష్టాల్లో స్పర్శలు లెక్కగట్టింది. మొత్తం స్పర్శల్లో మూడింట రెండు వంతులు వాన్ డెర్ వాల్స్ స్పర్శలే. హైడ్రోజన్ బంధాలు ఆరో వంతు, నీటి ద్వారా ఏర్పడేవి మరో ఆరో వంతు.

ఆ డేటా బ్యాంకు 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది.  ఇప్పుడు అందులో రెండు లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి, అన్నీ ఉచితం.

ఆ 8 గుంపుల వర్గీకరణ మీద నాకు గౌరవం ఉంది, అసంతృప్తీ ఉంది. అది ప్రధానంగా ప్రోటీన్ ఆకారాన్ని చూస్తుంది. పట్టును చూడదు. మూడు ప్రోటీన్లు తీసుకుందాం. జన్యువు చదవడం మొదలయ్యే చోట కూర్చునే టీబీపీ, బీటా షీట్‌తో చేసిన జీను ఆకారం. బాక్టీరియాలోని ఐహెచ్ఎఫ్ రెండు బీటా చేతులు చాస్తుంది. మగ లక్షణానికి మూలమైన ఎస్ఆర్‌వై పూర్తిగా ఆల్ఫా హెలిక్స్‌ల కట్టడం. ఆకారం చూసి వర్గం కడితే మూడూ మూడు చోట్ల పడతాయి. చేసే పని చూస్తే మూడూ చిన్న గాడిలోకే దిగుతాయి, మూడూ క్షారాల మధ్యకు అమైనో ఆమ్లాన్ని దూర్చుతాయి (టీబీపీ ఫినైల్ అలనిన్, ఐహెచ్ఎఫ్ ప్రోలిన్, ఎస్ఆర్‌వై ఐసోలూసిన్), మూడూ డీఎన్ఏను గట్టిగా వంచేస్తాయి. టీబీపీ దాదాపు 80 డిగ్రీలు వంచితే ఐహెచ్ఎఫ్ 160 డిగ్రీలు దాటిస్తుంది.

తిరగేసి చూసినా అంతే. క్రో, ట్రిప్టోఫాన్ రిప్రెసర్, ఈగలోని ఎన్‌గ్రేల్డ్ హోమియోడొమైన్, మూడింటిలోనూ హెలిక్స్–మలుపు–హెలిక్స్ ఉంది. హోమియోడొమైన్‌లో హెలిక్స్ పొడవు వేరు, గాడిలో పడుకునే కోణం వేరు, పైగా ఒక తోకను చిన్న గాడిలోకి చాస్తుంది. ఈ ఊరి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. టీఎంటీ కడ్డీ అంచునా నడుమనా ఉన్న ఇనుము, కర్బనం ఒకటే. నీళ్లతో ఒక్కసారిగా చల్లారిన పై పొర గట్టిది, నిదానంగా చల్లారిన నడుమ భాగం సాగేది. కూర్పు చూసి గుణం చెప్పలేం.

మరి దేన్ని కొలవాలి? ప్రోటీనూ డీఎన్ఏ కలిసే చోటును కొలవాలి. 2006లో ప్రభాకరన్, గ్రోమిహా, సరాయ్ తదితరులు అదే చేశారు. 62 సంక్లిష్టాలు తీసుకుని ఒక్కొక్కదానికి 11 కొలతలు తీశారు: పెద్ద గాడిలో ఎన్ని స్పర్శలు, చిన్న గాడిలో ఎన్ని, గాళ్ల వెడల్పు ఎంత, డీఎన్ఏ తన మామూలు రూపం నుంచి ఎంత పక్కకు తప్పుకుంది, జీసీ పాలు ఎంత, రెండూ కలిసిన చోట కప్పబడిన ఉపరితలం ఎంత, ఇలా. ఆ కొలతలన్నీ కలిపి గుంపులు కట్టించారు. జెబెల్ మోయా ఎముకల దగ్గర రావు గారు పట్టిన దారే ఇది.

ఆయన హెచ్చరిక కూడా ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. స్పర్శల సంఖ్య పెరిగితే కప్పబడిన ఉపరితలమూ పెరుగుతుంది. చిన్న గాడి ఇరుకైతే అక్కడికి ఆర్జినిన్ చేరుతుందని 2009లో రోస్ బృందం చూపింది. ఇరుకు గాడి, ఆర్జినిన్ స్పర్శ, ఎడినిన్–థైమిన్ వరసలు కలిసి నడుస్తాయి. ఈ ముళ్లు విప్పకుండా పదకొండు కొలతలను పదకొండు ఓట్లుగా లెక్కబెడితే పుట్టే గుంపులు ప్రకృతివి కావు, మన కొలబద్దవి. ఇంకోటీ ఉంది. డేటా బ్యాంకులో ఉన్నది ప్రకృతికి సరైన నమూనా కాదు. స్ఫటికం కట్టడానికి ఒప్పుకున్నవే అందులో ఎక్కువగా చేరాయి, పేరున్న ప్రోటీన్లు పదేపదే చేరాయి. చాలా స్ఫటికాల్లో డీఎన్ఏ పొట్టి ముక్క. మన కణంలో అది 147 జంటల చొప్పున హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 ప్రోటీన్–డీఎన్ఏ సంక్లిష్టాలను కూడా ఊహించి చూపుతోంది. అది నేర్చుకున్నది ప్రధానంగా ఈ బ్యాంకులోని నిర్మాణాల నుంచి. ఇక్కడి మొగ్గు అందులోకీ దిగి ఉంటుందని గుర్తుంచుకుని వాడాలి.

ఇదంతా ఎవరికి అని అడిగే హక్కు ఈ సభకు ఉంది. ఇక్కడి నుంచి కొండెక్కితే పాడేరు, అరకు. ఆ ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ రక్తహీనతతో బాధపడే పిల్లలున్నారు. హిమోగ్లోబిన్ బీటా జన్యువులో ఒక్క అక్షరం తేడా ఆ జబ్బుకు కారణం. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. దానికి ఈ దోషం అంటదు. పుట్టాక దాని జన్యువును మూయించేది బీసీఎల్11ఏ అనే ప్రోటీన్. అది ఆ జన్యువు ముందు ఒక చిన్న వరసను జింక్ ఫింగర్లతో పట్టుకుంటుంది. పుట్టుకతోనే ఆ వరసలో అక్షరం మారినవాళ్లలో పిండ దశ హిమోగ్లోబిన్ పెద్దయ్యాకా సాగుతుంది. అదే వారికి రక్ష. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స ఈ బీసీఎల్11ఏ ఉత్పత్తిని రక్తకణాల్లో తగ్గిస్తుంది. అందుకోసం అది కోసేది గాటా1 అనే ఇంకో ప్రోటీన్ కూర్చునే చోటును. గాటా1 కూడా జింక్‌దే. కానీ దాని జింక్‌ను నాలుగు సిస్టీన్‌లు పట్టుకుంటాయి, మామూలు జింక్ ఫింగర్‌లోనైతే రెండు సిస్టీన్‌లు, రెండు హిస్టిడిన్‌లు. జింక్ ఉందని రెంటినీ ఒక గాటన కట్టేస్తే, ఒకదాన్ని అడ్డుకోబోయే మందు ఇంకోదాన్ని తాకుతుందో లేదో ముందుగా చెప్పలేం. గాటా1 లేకపోతే ఎర్ర రక్తకణమే తయారు కాదు. పట్టును బట్టి వర్గం కట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకు.

క్యాస్‌జెవీ అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. ఆ ధరలో అది పాడేరు పిల్లలకు అందదు. అందేది ఏదైనా ఉంటే అది మాత్రగా రావాలి. మాత్ర రావాలంటే ఈ ప్రోటీన్ల పట్టును కొలిచి, పోల్చి, విడదీసే పని ఇంకా చాలా జరగాలి. ఆ పనికి కావాల్సింది కంప్యూటరు, గణితం, ఓపిక. నిర్మాణాలు ఉచితం, లెక్కకట్టే ప్రోగ్రాములూ చాలావరకు ఉచితం.

అందుకే విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. గణాంకశాస్త్రం చదివేవాళ్లు డేటా బ్యాంకు తెరిచి ఒక్క కుటుంబాన్ని పట్టుకోండి, జింక్ ఫింగర్లే కానివ్వండి. జీవశాస్త్రం చదివే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ కొలత కొత్త సమాచారం ఇస్తోందో రావు గారి పరీక్షతో తేల్చండి. ఈ సభ నిర్వహించిన పెద్దలను కూడా ఒకటి కోరుతున్నాను. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి నాలాంటివాణ్ణి పిలవకండి, ఆ పని చేసిన విద్యార్థులను పిలిచి వాళ్ల పట్టికలు చూపించమనండి.