పాత బెంచీతో పురుగుల ఇల్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, నువ్వు కట్టిన వంతెనల గురించి నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు మా బ్యాచ్ వాళ్లు. వంతెనల సంగతి తర్వాత. మొన్న జూలైలో ఈ బడి తోటలో ఆరో తరగతి పిల్లలతో కలిసి కట్టిన రెండడుగుల ఇంటి గురించి చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను, మొదటిసారి దాన్ని నేను తప్పుగా కట్టాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా గది కిటికీకి ఒక కందిరీగ చిన్న మట్టి కుండలాంటి గూడు కట్టింది. స్కేలుతో దాన్ని రాలగొట్టాను. సైన్సు మాస్టారు కొట్టలేదు. ఆ గూటిని తెల్ల కాగితం మీద పెట్టి విప్పారు. లోపల కదలలేని ఆకుపచ్చ గొంగళి పురుగులు నాలుగైదు, వాటి మధ్య ఒక గుడ్డు. "ఇది ఆ తల్లి తన బిడ్డకు కట్టిన సద్దిమూట. మన తోటలో ఆకులు తినే పురుగుల్నే ఏరుకొచ్చింది" అన్నారు. అంతే. ఆయన ఈరోజు మన మధ్య లేరు. ఆ గూటి బాకీ మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

కిందటేడు బడికి వచ్చినప్పుడు వెనక వరండాలో విరిగిన బెంచీలు కనిపించాయి. హెచ్చెమ్ గారిని అడిగి ఒకటి తీసుకున్నాం. రెండంగుళాల చెక్కకు ఈ కొస నుంచి ఆ కొసకు రంధ్రాలు వేయించాను, గాలి ఆడుతుందని. తీగ కట్టి వేపకొమ్మకు వేలాడదీశాం. రెండు నెలలు చూశాం. ఒక్క పురుగు రాలేదు. ఒక పాప అంది: "సార్, ఇల్లు ఊగుతోంది, వెనక గోడ లేదు. అందులో ఎవరుంటారు?"

అప్పుడు గానీ నేను అందులో ఉండబోయేవాళ్ల గురించి చదవలేదు. ఇవి పట్టు పెట్టే తేనెటీగలు కావు. గుంపు లేదు, రాణి లేదు. ఒంటరి తల్లులు. మనం పట్టుకుని నలిపితే తప్ప సాధారణంగా కుట్టవు. తల్లి ఒక గొట్టం చూసుకుని, లోపలి నుంచి ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద ఉంచి, గుడ్డు పెట్టి మూసుకుంటూ వస్తుంది. లోపలి గదుల్లో ఆడవి, గుమ్మం దగ్గర మగవి. గొట్టం పొట్టిదైతే ఆడవాటికి చోటే ఉండదు. నేను రెండంగుళాలు ఇచ్చాను!

సెప్టెంబరులో మళ్లీ కట్టాం. ఆరంగుళాల వెదురు గొట్టాలు, ఒక కొసన కణుపు ఉండేలా కోసినవి. రంధ్రాలు 4 నుంచి 10 మిల్లీమీటర్లు. పీచులకు రెక్కలు చిరగకుండా పిల్లలే గరుకు కాగితంతో అంచులు రుద్దారు. బెంచీ చెక్కలతో పెట్టె, వాన పడకుండా ముందుకు చాచిన కప్పు. రంగు లేదు, వార్నిష్ లేదు. పొద్దుటి ఎండ తగిలేలా తూర్పు ముఖంగా, కదలకుండా గుంజకు బిగించాం. చీమలు ఎక్కకుండా గుంజకు గ్రీజు పూశాం.

అక్టోబరులో గులాబీ ఆకుల అంచున గుండ్రటి కోతలు కనిపించాయి. వాటితో ఒక గొట్టం మూసుకుంది. ఆకుతో మూస్తే ఆకు కత్తిరించే తేనెటీగ, మట్టితో మూస్తే చాలామట్టుకు కందిరీగ. ఇప్పుడు పిల్లలు మూత చూసి ఎవరిల్లో చెప్పేస్తున్నారు.

అసలు చిక్కు నవంబరులో వచ్చింది. తోటలో కంది పూతకు వచ్చింది, కాయతొలిచే పురుగూ వచ్చింది. రైతు బిడ్డ ఒకడు లేచి, "మందు కొట్టకపోతే కాయ దక్కదు సార్, మా నాన్న కొడతాడు" అన్నాడు. వాడి మాట అబద్ధం కాదు. అప్పు తెచ్చి సాగు చేసే మనిషికి నేను నీతులు చెప్పలేను. కానీ కందిపూల మీద తిరిగేది మన పెట్టెలోని తేనెటీగే. ఇల్లు కట్టి పిలిచి, పక్కనే విషం చల్లితే అది ఇల్లు కాదు, ఉచ్చు. పిల్లలే తేల్చారు. కింద దుప్పటి పరిచి కందిమొక్కల్ని కుదిపి పురుగుల్ని దులిపారు. ఇది మన పల్లెల్లో తాతలు చేసిన పనే. కొన్ని కాయలు పుచ్చిపోయాయి. మిగిలినవి డిసెంబరులో ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నారు. నాకూ ఒక దోసెడు దాచారు.

మిత్రులారా, మన సంఘం ఈ బడికి చాలా ఇచ్చింది. ఇచ్చాక ఫొటో దిగి వెళ్లిపోతాం. ఈ పెట్టెతో అలా కుదరదు. పిల్లలు ఎగిరిపోయిన గొట్టాలు తీసి కొత్తవి పెట్టకపోతే బూజు, నల్లులంతటి సన్న పురుగులు చేరి తర్వాత వచ్చేవాటిని చంపుతాయి. అందుకే ఏటా జూన్‌లో ఒక ఆదివారం నేను వస్తాను. నేను రాలేని ఏడు ఎవరొస్తారో ఈరోజే పేరిచ్చి వెళ్లండి. చందా అక్కర్లేదు, రంపం పట్టడం వస్తే చాలు.

పెట్టె పక్క చెక్క మీద బ్లేడుతో చెక్కిన మూడు పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ ముగ్గురూ ఈ సభలోనే ఉన్నారు. ఎవరో నేను చెప్పను, గురువులింకా వేదిక మీదే ఉన్నారు.

సెలవు.