కణశక్త్యాగారాల కాపలాదారు: పింక్1 కైనేజ్, పార్కిన్సన్ వ్యాధి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ ఉద్యోగం సంగతులు కాకుండా, అందరికీ పనికొచ్చే సైన్సు విషయం ఏదైనా చెప్పు" అని కమిటీ మిత్రులు అడిగారు. నేను రైల్వే సిగ్నలింగు ఇంజనీరును, డాక్టరును కాను. అయినా ఈరోజు ఒక మెదడు జబ్బు గురించి, దాని వెనక ఉన్న ఒక ప్రొటీను గురించి మాట్లాడతాను. అందుకు కారణం మా కుటుంబంలోనే ఉంది. అక్కడికి మెల్లగా వస్తాను.

జీవశాస్త్రం క్లాసులో మైటోకాండ్రియా అంటే ఏమిటని అడిగితే, క్లాసంతా ఒకే గొంతుతో "కణశక్త్యాగారాలు" అనేది. లైసోజోములంటే "స్వయం విచ్ఛిత్తి సంచులు". ఈ రెండు మాటలు ఇంకా గుర్తున్నవాళ్ళకు నా ప్రసంగం సగం అర్థమైనట్లే.

ముందు కైనేజ్ అంటే ఏమిటో చూద్దాం. మనం తిన్న అన్నంలోని శక్తిని మైటోకాండ్రియా ఏటీపీ అనే పదార్థంగా మారుస్తాయి. అందులో మూడు ఫాస్ఫేట్లు వరుసగా ఉంటాయి. చివరి ఫాస్ఫేట్‌ను ఊడదీసి మరో ప్రొటీనుకు అతికించే ప్రొటీనే ప్రొటీన్ కైనేజ్. అతికించగానే ఆ రెండో ప్రొటీను ఆకారం, పని మారిపోతాయి. కొన్ని పని మొదలుపెడతాయి, కొన్ని ఆపేస్తాయి. ఆ ఫాస్ఫేట్‌ను మళ్ళీ తీసేసే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. అంటే ఇది కణంలోని స్విచ్చుల వ్యవస్థ. 1950లలో అమెరికాలోని సియాటిల్‌లో దీన్ని కనిపెట్టిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. మన శరీరంలో ఇలాంటి కైనేజ్‌లు ఐదు వందలకు పైగా ఉన్నాయి.

ఇక్కడ మనవాడొకరిని తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాల్లోని ఏటీపీని 1929లో గుర్తించగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. ఈరోజు నేను చెప్పే కైనేజ్ వాడే సరుకు అదే.

ఇప్పుడు నా వృత్తిలోకి ఒక్క నిమిషం రండి. పట్టాల మీద బండి ఉందో లేదో స్టేషనుకు ఎలా తెలుస్తుంది? ఒక పద్ధతి ట్రాక్ సర్క్యూట్. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో దీనికి పేటెంటు తీసుకున్నారు. పట్టాల్లో చిన్న కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. ఆ కరెంటు ఒక రిలేను పైకి పట్టి ఉంచుతుంది. బండి వస్తే దాని చక్రాలు, ఇరుసు కరెంటును దారి మళ్ళిస్తాయి, రిలే కింద పడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. పట్టా విరిగినా, బ్యాటరీ చచ్చినా రిలే పడాల్సిందే, ఎర్రదీపం వెలగాల్సిందే. ప్రమాదాన్ని వెతుక్కుంటూ ఎవరూ పోనక్కర్లేదు. "అంతా బాగుంది" అనే కబురు ఆగిపోవడమే ప్రమాద సంకేతం.

కణంలో సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంది. దాని పేరు పింక్1. ఇదీ ఒక కైనేజే.

ఆరోగ్యంగా ఉన్న మైటోకాండ్రియా లోపలి పొర మీద దాదాపు 0.15 వోల్టు విద్యుత్తు ఉంటుంది. కణం పింక్1ను ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. తయారైన పింక్1ను ఆ వోల్టేజీ లోపలికి లాగుతుంది. లోపల ఒక ఎంజైము దాన్ని కోస్తుంది, ముక్క బయటికొచ్చి నాశనమైపోతుంది. తయారు చేయడం, పారేయడం, మళ్ళీ తయారు చేయడం! ఇంత దుబారా ఎందుకని అనిపిస్తుంది. నాకు మాత్రం ట్రాక్ సర్క్యూట్ గుర్తొచ్చింది. మైటోకాండ్రియాన్ దెబ్బతిని వోల్టేజీ పోతే, పింక్1 లోపలికి పోలేక గుమ్మంలోనే పోగుపడుతుంది. అలా నిలిచిన పింక్1 అక్కడే పని మొదలుపెడుతుంది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీనుకు, పార్కిన్ అనే మరో ప్రొటీనుకు ఫాస్ఫేట్ అతికిస్తుంది. పార్కిన్ మేల్కొని ఆ మైటోకాండ్రియాన్ మీద ఇంకా ఇంకా యుబిక్విటిన్‌లను తగిలిస్తుంది. పింక్1 వాటికీ ఫాస్ఫేట్ అతికిస్తుంది. చివరికి ఆ పాడైన మైటోకాండ్రియాన్‌ను ఒక పొర చుట్టేసి లైసోజోము దగ్గరికి చేరుస్తుంది. స్వయం విచ్ఛిత్తి సంచి తన పని తాను చేస్తుంది.

ఈ ఏర్పాటు చెడితే? పాడైన శక్త్యాగారాలు కణంలోనే ఉండిపోతాయి. దాని దెబ్బ ముందుగా తగిలేది మెదడు అడుగుభాగంలో డోపమిన్ తయారుచేసే నాడీకణాలకు. వాటి శాఖలు చాలా పొడవు, వాటికి కావలసిన శక్తి చాలా ఎక్కువ. పైగా నాడీకణం చర్మకణంలా విభజన చెంది కొత్తది రాదు, అదే కణం జీవితాంతం పనిచేయాలి. ఆ కణాలు చచ్చిపోతూ వస్తే కనిపించేదే పార్కిన్సన్ వ్యాధి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు కనుక ఆ పేరు. మన పెద్దలు వణుకుడు రోగం అన్నారు, ఆయుర్వేదంలో కంపవాతం అంటారు.

ఈ జబ్బులో పార్కిన్ పాత్రను 1998లో జపాను శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పింక్1 జన్యువు పాత్ర 2004లో తెలిసింది, ఇటలీ, స్పెయిన్ కుటుంబాల ద్వారా. ఆ కుటుంబాల్లో రోగుల తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను.

మా పెదనాన్నగారిది మేనరికం. వాళ్ళబ్బాయి, మా అన్నయ్య, ముప్పై ఆరో ఏట కుడిచేయి బరువుగా ఉందన్నాడు. నడుస్తుంటే ఆ చేయి ఊగేది కాదు. భుజం పట్టేసిందని మూడేళ్ళు భుజానికే వైద్యం చేశారు. వణుకు మొదలయ్యాక కూడా, ఈ వయసులో ఆ జబ్బేమిటన్నారు. చివరికి నాడీవైద్య నిపుణుడు పేరు పెట్టాడు. మందుకు చేయి బాగా లొంగింది. చాలా ఏళ్ళ తర్వాత చేసిన జన్యుపరీక్షలో పింక్1 రెండు ప్రతులూ చెడినట్లు తేలింది. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. ఒక్కొక్క మంచి ప్రతి ఉన్న ఆ దంపతులకు జబ్బేమీ రాలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. అన్నయ్య కూతురికి మేనత్త కొడుకుతో సంబంధం అనుకున్నారు. పిల్లలిద్దరికీ ఇష్టమే. నేను పెద్దల ముందు కాగితం మీద లెక్క వేశాను. అమ్మాయికి తండ్రి నుంచి చెడిన ప్రతి తప్పక వచ్చి ఉంటుంది. మేనత్తకు జబ్బు లేదు కాబట్టి ఆమె దగ్గర చెడిన ప్రతి ఉండే అవకాశం మూడింట రెండు. ఆమె కొడుక్కి వచ్చే అవకాశం అందులో సగం, అంటే మూడింట ఒకటి. అతనికీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒకటి. మొత్తం మీద పన్నెండింట ఒకటి. అబ్బాయికి ఒక్క రక్తపరీక్ష చేస్తే ఈ లెక్క దాదాపు సున్నా అయినా అవుతుంది, నాలుగింట ఒకటి అయినా అవుతుంది.

"పెళ్ళికి ముందు రక్తపరీక్షా? మా వంశానికి మచ్చ పెడతావా?" అని మేనత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు. అన్నయ్యే చొరవ తీసుకున్నాడు. వణికే చేత్తో చెల్లెలి చేయి పట్టుకుని, "అమ్మానాన్నలకు తెలియదు, తెలిస్తే అడిగేవాళ్ళు. మనకు తెలిసింది కదమ్మా, అడుగుదాం" అన్నాడు. పరీక్ష జరిగింది. ఫలితం ఆ పిల్లల సొంత విషయం, ఈ వేదిక మీద చెప్పను. తెలుసుకునే నిర్ణయించుకున్నారు, అంతవరకే చెబుతాను.

మిత్రులారా, మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని నేను అనడం లేదు. పింక్1 వల్ల వచ్చే పార్కిన్సన్ అరుదు. ఎక్కువమంది రోగుల్లో ఒకే జన్యువు కారణం కాదు, వయసు, పరిసరాలు, అనేక జన్యువులు కలిసి పనిచేస్తాయి. కానీ ఇంట్లో చిన్నవయసులోనే ఇలాంటి జబ్బు కనిపిస్తే, మళ్ళీ ఆ ఇంట్లోనే సంబంధం కలుపుకునే ముందు జన్యుశాస్త్ర వైద్యులతో మాట్లాడండి. అది మచ్చ కాదు, జాగ్రత్త.

మనలో చాలామందికి యాభై దాటింది, గురువులకు డెబ్బై, ఎనభై. నడకలో ఒక చేయి ఊగకపోవడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం, పనుల్లో అకారణంగా నెమ్మది రావడం కనిపిస్తే వయసు మీద తోసేయకండి. నాడీవైద్య నిపుణుణ్ణి కలవండి. జబ్బును ఆపే మందు ఈరోజుకు లేదు. పింక్1 పనిని పెంచే మందుల కోసం ప్రయోగాలు సాగుతున్నాయి. లక్షణాలను అదుపులో పెట్టే లీవోడోపా మాత్రం 1960ల నుంచీ ఉంది. మన పొలం గట్ల మీద దురద పుట్టించే దూలగొండి గింజల్లోనూ ఆ పదార్థం ఉంది. అలాగని గింజలు నూరుకుని తాగవద్దు, ఏ గింజలో ఎంత మోతాదు ఉందో ఎవరికీ తెలియదు. మందును సొంతంగా ఆపవద్దు. భోజనానికి ముందా, తర్వాతా అన్నది డాక్టరును అడిగి వేళకు వేసుకోండి. రోజూ వ్యాయామం చేయండి.

అన్నయ్యకు ఇప్పుడు అరవై. మందు వేసుకున్న గంటకు తన చొక్కా గుండీలు తానే పెట్టుకుంటాడు, సాయంత్రం చెరువుగట్టు దాకా నడుస్తాడు. ఈ జబ్బు గురించి చదివిందంతా నాకు అర్థమైందంటే, తెలుగు మాధ్యమంలో కణం బొమ్మను రంగు సుద్దలతో బోర్డు మీద గీసి, భాగాల పేర్లు పలికించిన గురువుల వల్లే.