పోకపూల పెళ్లిపాట



కంబోడియా పెళ్లి ఫొటోలు చూసినవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పట్టుబట్టలు. ఒక్క పెళ్లిలోనే ఎన్నోసార్లు మారే రంగులు, ఒంటినిండా బంగారు నగలు. ఆ రోజుకు వధూవరులే రాజూ రాణీ. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పెళ్లిలోని కళ కంటికంటే చెవికే ఎక్కువగా అందుతుందని నా నమ్మకం. అందుకే ఈ పూట మిమ్మల్ని ఆ పెళ్లి వినడానికి పిలుస్తున్నాను.

కంబోడియాలోని ఖ్మేర్ ప్రజల పెళ్లిలో ప్రతి తంతుకూ దాని పాట దానికి ఉంది. ఊరేగింపుకు ఒకటి, జుట్టు కత్తిరించడానికి ఒకటి, చేతికి దారం కట్టడానికి ఒకటి. ఈ పెళ్లి సంగీతాన్ని 'ఫ్లెంగ్ కార్' అంటారు. పూర్వం మూడు రోజులు సాగిన పెళ్లి ఇప్పుడు పట్నాల్లో తరచూ ఒక్క రోజులోనే ముగుస్తోంది. అయినా పాట తెలిసిన పెద్దలు పక్క గదిలో కూర్చుని కూడా లోపల ఏ తంతు నడుస్తోందో చెప్పగలరు.

ఆనవాయితీగా పెళ్లి జరిగేది వధువు ఇంట్లో. పెళ్లికొడుకు బంధుమిత్రులు పళ్లూ పిండివంటలూ పళ్లేల్లో పెట్టుకుని, ఇద్దరిద్దరుగా నడిచి వస్తారు. ఆ తర్వాత జరిగే జుట్టు కత్తిరించే తంతు నాకు చాలా ఇష్టం. ఒక గాయకుడు, ఒక గాయని కత్తెరా దువ్వెనా పట్టుకుని వధూవరుల చుట్టూ ఆడుతూ పాడుతూ, చతుర్లాడుతూ తిరుగుతారు. తల్లిదండ్రులు, పెద్దలు, స్నేహితులు వరసగా వచ్చి కత్తిరించినట్టు అభినయించి, అత్తరు చల్లి, దీవించి వెళ్తారు. పాత బతుకును వదిలించి కొత్త బతుకులోకి పంపడమన్నమాట. నవ్వుల మధ్య జరిగే ఈ తంతులో తల్లి వంతు వచ్చేసరికి చాలామంది కళ్లు తడుస్తాయి. పాట మాత్రం ఆగదు.

దీపాలు తిప్పే తంతుకు నడక వేరు. పెళ్లయిన దంపతులు వధూవరుల చుట్టూ వలయంగా కూర్చుంటారు. ఆకు ఆకారంలో ఉన్న లోహపు రేకుకు కొవ్వొత్తి అంటించి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందిస్తారు. ప్రతివాళ్లూ దాని పొగను అరచేత్తో వధూవరుల వైపు తోస్తారు. సంసారం చేసి చూసినవాళ్ల అనుభవం దీవెనగా వాళ్లకు చేరాలని. తర్వాత మణికట్టుకు నూలుదారం కట్టి, పోకపూలు చల్లుతారు.

పోకపువ్వే ఈ పెళ్లికి ప్రాణం. ఇంకా విచ్చుకోని పొత్తిని తెచ్చి, విప్పి, మూడు గుత్తులు సిద్ధం చేస్తారు: ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి, ఒకటి తోడబుట్టిన పెద్దవాళ్లకు. పెంచినవాళ్ల రుణం ఒప్పుకోకుండా కొత్త కాపురం మొదలు కాకూడదు.

ముగింపులో వధువు శయ్యాగృహానికి నడుస్తుంది. ఆమె పైట చెంగు పట్టుకుని వరుడు వెనక వెళ్తాడు. ప్రేహ్ థోంగ్ అనే పరదేశి రాకుమారుడు నాగకన్యను పెళ్లాడి, ఆమె వస్త్రం కొస పట్టుకునే నాగలోకానికి వెళ్లాడని కథ. నాగరాజు నీళ్లు తాగేసి అల్లుడికి నేల చూపించాడట. అదే కంబోడియా అంటారు. పండితులు ఈ కథను నాగకన్యను పెళ్లాడిన బ్రాహ్మణుడు కౌండిన్యుడి కథతో ముడిపెడతారు. నేటి వియత్నాంలోని మీసన్‌లో దొరికిన క్రీ.శ. 658 నాటి శాసనంలో కౌండిన్యుడు, నాగరాజు కూతురు సోమ పేర్లున్నాయి. మన కొంగుముడిలో ఇద్దరి బట్టలూ కలుస్తాయి. ఖ్మేర్ పెళ్లిలో దారి చూపేది ఆమె, అనుసరించేది అతను.

ఇక మేళం సంగతి. పాతకాలపు మేళంలో మూడు తీగల వాద్యం 'త్రో ఖ్మేర్', పొడుగు మెడ 'చాపెయ్', రెల్లు నాలుకతో ఊదే 'పెయ్ ఓ', చేతి డప్పు ఉంటాయి. అన్నింటికంటే నా చెవి వెతికేది 'ఖ్సాయ్ దియెవ్'ను. ఒకే తీగ, ఒక సొరబుర్ర. వాయించేవాడు బుర్రను ఛాతీకి ఆనించీ ఎత్తీ నాదాన్ని మూస్తాడు, తెరుస్తాడు. కంబోడియాలోని బాయోన్ ఆలయపు శిల్పాల్లో ఈ వాద్యం కనిపిస్తుంది. కర్రకు బుర్ర కట్టిన వాద్యాల్లో మన కిన్నెర కూడా ఉంది కాబట్టి తెలుగు చెవికి ఇది మరీ పరాయిది కాదు.

వినేటప్పుడు రెండు విషయాలు గమనించండి. వాద్యకారులంతా ఒకే పాటను ఎవరి తీరున వాళ్లు వాయిస్తారు. ఒక్కో వాద్యాన్ని పట్టుకుని వెంబడిస్తే పాట ఎన్ని రూపాల్లో నడుస్తోందో తెలుస్తుంది. రెండోది, తాళం బరువు మనకు అలవాటైనట్టు ఆవర్తం మొదట పడదు, చివర పడుతుంది.

1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఈ పాటలు మూగబోయాయి. 'అంగ్కార్' అనే పార్టీ యంత్రాంగం ముక్కూమొహం తెలియని ఆడామగలను జంటలుగా నిలబెట్టి, అంగ్కార్‌కే ప్రమాణం చేయించి, పెళ్లయిందంది. పాట లేదు, పువ్వు లేదు, కన్నవాళ్లు లేరు. 2018 నవంబరులో అంతర్జాతీయ సాయంతో నడిచిన న్యాయస్థానం ఈ బలవంతపు పెళ్లిళ్లను మానవత్వంపై నేరంగా తేల్చింది. అంతకు ముందే, 2017లో, నృత్యకారిణి సోఫిలిన్ చీమ్ షాపిరో ఆ బాధితుల కథలతో ఒక నృత్యరూపకం చేశారు. దాని పేరుకు అర్థం 'అంగ్కార్ కింద పోకపూలు'. పోగొట్టుకున్నదాన్ని చెప్పడానికి ఆ పువ్వు పేరే సరిపోయింది.

ఎందరో వాద్యకారులు ఆ ఏళ్లలో చనిపోయారు. మిగిలిన గురువులు నేర్పగా మళ్లీ పాట మొదలైంది. చాపెయ్‌ను 2016లో యునెస్కో అత్యవసరంగా కాపాడవలసిన కళల జాబితాలో చేర్చింది. ఈనాటి పెళ్లి పందిళ్లలో కీబోర్డూ పెద్ద స్పీకర్లూ వచ్చేశాయి. అందుకని, శ్రోతలారా, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు 'ఫ్లెంగ్ కార్ బొరాణ్', అంటే పాత పెళ్లి సంగీతం, అని అడగండి. ఒక్క పాటను తొందర లేకుండా రెండుమూడు సార్లు వినండి. మొదటిసారి గాయకుణ్ని, రెండోసారి ఆ ఒంటి తీగను.